అంటువ్యాధి కాలములో ఆప్తవాక్యము

(ధన్వంతరి జయంతి సందర్భముగా పెనుకొండలో చేసిన ప్రసంగ పాఠము)



 పాలసముద్రమును మథించిన వేళ అమృత కలశమును చేత ధరించి ఆవిర్భవించిన ధన్వంతరి స్వామిని స్మరించుకొను దినమిది. ఆరోగ్యమును గురించి నాలుగు మాటలు చెప్పుమని ధర్మకర్తలు మమ్ము కోరినారు. మేము వైద్యులము కాము. వేదము చదువుకొన్నవారము మాత్రమే. కనుక ఈ ప్రసంగములో ఏ మందునూ మీకు సిఫారసు చేయము. అయితే ఏ మాటను నమ్మవలెను, ఏ మాటను మరొకరికి చేర్చవలెను అను విషయములో మా చదువు కొంత పనికివచ్చును. అంటువ్యాధి వచ్చినప్పుడు రోగము ఒకరి నుండి ఒకరికి ప్రాకును. దాని వెంట మాట కూడ ప్రాకును. ఆ మాటను గురించియే ఈనాటి మా మనవి.

ఈ విషయమునే ఎత్తుకొనుటకు కారణము చెప్పెదము. ఇటీవల హిందూపురము నుండి ఒక తల్లి మా ఇంటికి వచ్చినది. ఆమె కుమారునికి నాలుగు దినములుగా జ్వరము. ఫోను తీసి మాకొక సందేశము చూపినది. పైన ధన్వంతరి స్వామి బొమ్మ. క్రింద బొప్పాయి ఆకు రసము ఎట్లు తీయవలెనో, ఎన్ని పూటలు త్రాగించవలెనో వ్రాసి, డెంగీ జ్వరమునకు ఇదియే చాలును, ఆసుపత్రికి పోనక్కరలేదు అని ఉన్నది. దీనిని పదకొండు మందికి పంపినవారికి పుణ్యమట, పంపనివారికి దోషమట.

"స్వామీ, ఇది నిజమేనా? పంపినవారు మన గుడికి వచ్చేవారే" అని ఆమె అడిగినది.

"అమ్మా, ఆ సంగతి తరువాత చూచెదము. ముందు పిల్లవానిని ఆసుపత్రికి తీసుకొనిపోయి రక్తపరీక్ష చేయించు" అంటిమి.

ఆమె పోయినది. పిల్లవానిని మూడు దినములు ఆసుపత్రిలో ఉంచుకొని పంపినారు. ఇప్పుడు బడికి పోవుచున్నాడు. ఆ సందేశము వ్రాసినవారెవరో ఆ తల్లికి తెలియదు. పంపినవారిని విచారించగా వారికీ తెలియదు. స్వామి బొమ్మ ఉన్నది కదా, మంచిదే అయి ఉండునని పంపినారట.

మహాశయులారా! మా పాఠశాల చదువు ఎట్లుండెడిదో ఇచ్చట కొంచెము చెప్పవలెను. గురువుగారు ఒక పదము చెప్పెడివారు. మేము దానిని సంథ చెప్పుకొనెడివారము. ఉదాత్తము, అనుదాత్తము, స్వరితము ఉన్నవి ఉన్నట్లు పలుకువరకు రెండవ పదమునకు పోనిచ్చెడివారు కారు. పదము, క్రమము, జట, ఘనము అని ఒకే మంత్రమును ముందుకు వెనుకకు త్రిప్పి త్రిప్పి చెప్పించుట దేనికి? నడుమ ఒక అక్షరము జారిపోయినను, ఒక స్వరము మారినను వెంటనే బయటపడుటకే. వ్రాతయే లేని కాలము నుండి వేదము చెడకుండ నిలిచినదనిన, ప్రతి తరమువారు తాము విన్నదానిని సరిచూచుకొని గాని తరువాతివారికి అప్పగింపకపోవుటయే కారణము.

త్వష్ట కథ మీరు వినియే ఉందురు. ఇంద్రుని చంపగల కుమారుని కోరి ఆయన హోమము చేసినాడు. మంత్రములో మాట సరిగానే ఉన్నది. స్వరము మాత్రము తప్పినది. దానితో అర్థము తలక్రిందులై, ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రుని చేతనే చచ్చినాడు. ఒక్క స్వరము చేసిన పని ఇది. ఆ చదువు చదివిన మేము, ఆ చదువును గౌరవించు మీరు, ఒక రోగి ప్రాణమునకు సంబంధించిన మాటను ఎవరు చెప్పినారో విచారింపకనే పదకొండు మందికి పంపవచ్చునా?

మన శాస్త్రములు శబ్దమును ప్రమాణముగా అంగీకరించినవి. అయితే ప్రతి శబ్దమూ ప్రమాణము కాదు. ఆప్తుని వాక్యమే ప్రమాణము. ఆప్తుడెవరు? చెప్పు విషయమును తాను సాక్షాత్తుగా ఎరిగినవాడు. రాగద్వేషములకు లోబడి మాట మార్చనివాడు. మన మేలు కోరువాడు. ఈ లక్షణములన్నియు కూడవలెను. మన మేలు కోరినంత మాత్రమున ఆప్తుడు కాడు, విషయము తెలియవలెను. మన మేనమామ మన మేలు కోరును. అంతమాత్రమున మేనమామ చెప్పిన మందు ప్రమాణము కాదు. దేవుని పటము అతికించిన మాత్రమున కూడ ఆ మాట ఆప్తవాక్యము కాదు. అది దేవుని పేరు చెప్పి మన చేత సంతకము పెట్టించుకొనుట వంటిది.

ఇప్పుడు 2020వ సంవత్సరమును ఒకసారి గుర్తుకు తెచ్చుకొనుడు. మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్. అప్పటి అనంతపురము జిల్లాలో కోవిడ్ మొట్టమొదట బయటపడిన చోట్లలో మన హిందూపురము, లేపాక్షి ఉన్నవి. వీధులకు అడ్డముగా కర్రలు కట్టినారు. చింతపండుకు, బెల్లమునకు పేరుపడిన బజారు నిశ్శబ్దమైనది. ధర్మవరములో మగ్గముల చప్పుడు ఆగినది. నేసిన చీరను కొనువారు లేరు, నేయుటకు పట్టు లేదు. తిరుమలలో సైతము మార్చి 20 నుండి భక్తులకు దర్శనము నిలిపివేసి, స్వామికి నిత్య కైంకర్యములను ఏకాంతముగా నడిపినారు. సామాన్య భక్తులకు మరల దర్శనము దొరికినది జూన్ 11న. స్వామియే తలుపులు మూసుకొన్నాడా అని కొందరు కంటనీరు పెట్టుకొన్నారు. స్వామి తలుపులు మూసుకొనలేదు. తన బిడ్డలు గుమిగూడి ఒకరికొకరు రోగము అంటించుకొనకుండ దూరము పెట్టినాడని మేము అప్పుడును చెప్పినాము, ఇప్పుడును చెప్పుచున్నాము.

ఆ దినములలో భయము సహజము. క్రొత్త రోగము, మందు తెలియదు, టీకా లేదు. భయపడినవానికి ఏదో ఒకటి చేయవలెననిపించును. ఆ తొందరలో దొరికినదెల్ల మందుగా కనిపించును. 2020 ఏప్రిల్‌లో మన ప్రక్క చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలములో జరిగినది చూడుడు. టిక్‌టాక్‌లో వచ్చిన మాట నమ్మి, కరోనా రాకుండునని ఉమ్మెత్త గింజల రసము త్రాగి పదిమంది దాకా ఆసుపత్రి పాలైనారు. వారి అదృష్టము బాగుండి ప్రాణములు దక్కినవి. ఉమ్మెత్త పూవు శివునికి ప్రీతి. మనము భక్తితో సమర్పించెదము. కాని ఆయన హాలాహలమును కంఠమున నిలుపుకొన్నవాడు. ఆయనకు అర్పించినదెల్ల మనము మ్రింగదగినది కాదు. ఉమ్మెత్త గింజ విషము. మతి తప్పును, గుండె వడి హెచ్చును, ప్రాణము మీదికి వచ్చును. ఆ సంగతి పల్లెలో పశువుల కాపరికి కూడ తెలిసినదే. తెలిసిన సంగతిని మరపించునంతటిది భయము.

మరి మన శాస్త్రములు ఇట్టి ఉపద్రవమును ఎరుగవా? ఎరుగును. చరక సంహిత విమాన స్థానములో జనపదోద్ధ్వంసనీయమను అధ్యాయము ఒకటి ఉన్నది. పాంచాల దేశములో కాంపిల్య నగరము చెంత, గంగాతీరమున ఆత్రేయ మహర్షి శిష్యులతో సంచరించుచుండగా అగ్నివేశునికి ఒక సంశయము కలిగినది. మనుష్యుల ప్రకృతులు వేరు, ఆహారములు వేరు, బలము వేరు, వయస్సు వేరు. అట్లుండగా ఒకే కాలమున ఒకే వ్యాధితో ఊళ్ళకు ఊళ్ళు ఎట్లు నశించును? మహర్షి సమాధానము ఇది: మనుష్యులు వేరైనను వారందరు పీల్చు వాయువు, త్రాగు జలము, నివసించు దేశము, గడుపు కాలము ఒక్కటియే కదా. అవి చెడినప్పుడు అందరికిని కీడు కలుగును. అవి చెడుటకు మూలము అధర్మమనియు, ఆ అధర్మము దేశమునకు, నగరమునకు పెద్దలైనవారితో మొదలగుననియు కూడ ఆయన చెప్పినాడు. కాలువ తీయించవలసినవాడు తీయించకపోవుట, మందు ఉంచవలసినచోట మందు ఉంచకపోవుట కూడ అధర్మమే అని మేము దానిని అన్వయించుకొందుము.

ఆ అధ్యాయములోనే రక్షణోపాయములు ఉన్నవి. ఔషధసేవనము, సత్యము, భూతదయ, దానము, దేవతార్చన, తన్ను తాను కాపాడుకొనుట, క్షేమకరమైన చోట నివసించుట అన్నియు ఒకే వరుసలో చెప్పినారు. అర్చన చేయువాడు ఔషధము మానవలెననలేదు. ఔషధము పుచ్చుకొనువాడు అర్చన మానవలెననలేదు. సుశ్రుతుడు మరింత విశదముగా, కొన్ని రోగములు స్పర్శ వలన, ఊపిరి వలన, కలిసి భుజించుట వలన, ఒకరి శయ్య, ఆసనము, వస్త్రము, మాల్యము మరొకరు వాడుట వలన ఒకరి నుండి ఒకరికి సంక్రమించునని చెప్పినాడు. మూతికి గుడ్డ, మనిషికి దూరము అని 2020లో ప్రభుత్వము చెప్పినప్పుడు అది పరాయి మాట వలె కొందరికి తోచినది. మన శాస్త్రము చదివినవానికి అది క్రొత్త మాట కాదు.

వైద్యుని పేరు పెట్టుకొని తిరుగువారిని గురించి కూడ చరకుడు చెప్పినాడు. సంచి, మందులు, వేషము చూపి వైద్యులమని చెప్పుకొనువారు ఒక తెగ. పేరున్నవారితో తమకు సంబంధము ఉన్నదని చెప్పుకొని బ్రతుకువారు మరొక తెగ. నిజముగా శాస్త్రము తెలిసి ప్రాణము నిలుపువారు మూడవవారు. మొదటి రెండు తెగలను విడిచిపెట్టుమన్నాడు. ఈనాడు సంచి స్థానములో ఫోను వచ్చినది. అంతే భేదము.

అట్లని నాటువైద్యమంతయు మోసమని మేము అనుటలేదు. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో ఒక వైద్యుడు మూలికల మందు ఉచితముగా ఇచ్చుచున్నాడని విని వేలమంది ఒక్కచోట చేరినారు. మన ప్రాంతము నుండియు పోవుటకు బండ్లు మాట్లాడుకొన్నవారున్నారు. ప్రభుత్వము పంపిణీని ఆపి, ఆయుర్వేద శాస్త్రజ్ఞుల చేత పరిశీలన చేయించి, మే 31న కంటిలో వేయు చుక్కలు తప్ప తక్కిన మందులకు అనుమతి ఇచ్చినది. అయితే ఆ మందు కోవిడ్‌ను నయము చేయునని నిరూపణ లేదనియు, డాక్టర్లు ఇచ్చిన మందులు మానరాదనియు అప్పుడే చెప్పినది. ఇందులో మనము నేర్చుకొనవలసినది ఒక్కటే. ఇచ్చువాని మనస్సు మంచిది కావచ్చును. ఉచితముగా ఇచ్చినందుకు నమస్కరింపవచ్చును. పరీక్ష మాత్రము వేరుగా జరుగవలెను. దానికి తోడు, రోగము తగ్గించుకొనుటకు పోయి వేలమందిలో ఒకరికొకరు ఊపిరి తగులునట్లు నిలబడిన ఫలితమేమి?

మా బాల్యమున చూచిన సంగతి ఒకటి చెప్పెదము. మశూచికము అనిన మన పల్లెలలో అమ్మవారు. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మమునకు వేపమండ కట్టెడివారు. ఆ ఇంటికి పరాయివారు పోయెడివారు కారు, ఆ ఇంటివారు పరుల ఇండ్లకు వచ్చెడివారు కారు. అది భక్తి, అదియే రోగిని వేరుగా ఉంచు ఏర్పాటు. అయినను వేపమండ ఒక్కటియే మశూచికమును తొలగింపలేదు. టీకా వేయువారు ఊరూరా తిరిగినారు. వారిని చూచి మేము గడ్డివాముల చాటున దాగుకొన్నాము. అమ్మవారికి కోపము వచ్చునని పెద్దలే కొందరు తలుపులు వేసుకొన్నారు. మా నాయనగారు మాత్రము మా చెయ్యి పట్టుకొని తీసుకొనిపోయి టీకా వేయించి, తిరుగుదారిలో మారెమ్మ గుడిలో టెంకాయ కొట్టించినారు. ఆ టీకా మచ్చ ఇప్పటికిని మా భుజమున ఉన్నది. 1975 తరువాత మన దేశములో ఆ రోగము లేదు. 1980 మే 8న ప్రపంచమంతటి నుండి అది తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించినది. మారెమ్మకు కోపము రాలేదు. ఆమె గుడిలో పూజలు ఈనాటికిని జరుగుచున్నవి.

2021 జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు కూడ ఆ వెనుకటి భయమే క్రొత్త మాటలతో వచ్చినది. సంతానము కలుగదని ఒకరు, రెండేండ్లలో చనిపోవుదురని ఒకరు. ఆ మాటలు చెప్పినవారిలో ఒక్కరును తాము ఎరిగి చెప్పినవారు కారు. ఆ కాలములోనే మరొక చెడు మాట కూడ తిరిగినది. ఫలానా మతమువారే రోగము తెచ్చినారని. పెనుకొండలో మన దేవాలయముల నడుమనే బాబయ్య దర్గా ఉన్నది. అన్ని కులములవారు అచ్చటికి పోవుట మీరు ఎరుగుదురు. హిందూపురములో ఒకే వీధిలో రెండు మతములవారము తరతరములుగా ఉన్నాము. క్రిమికి మతము లేదు. రోగము వచ్చినవాడు రోగియే గాని దోషి కాడు. నింద భయముతో రోగమును దాచుకొన్నవాడు తానును చెడును, పదిమందిని చెరచును. ఆ దాపరికమునకు కారణము నింద వేసిన నోరే.

ఇప్పుడు మా తప్పును మీ ముందు చెప్పుకొనవలెను. ఇంతవరకు ఇతరుల మాటలను విమర్శించినాము. మేమును ఆ తప్పు చేసినవారమే.

2021 మే నెల. ధర్మవరములో మాకు ఇరువది ఏండ్లుగా పరిచయమున్న ఒక నేత కార్మికుడు ఫోను చేసినాడు. ప్రతి సంవత్సరము శ్రీరామనవమికి స్వామికి తన చేతి నేత వస్త్రము సమర్పించు భక్తుడు. "స్వామీ, మూడు దినములుగా జ్వరము, దగ్గు. పరీక్షకు పొమ్మంటున్నారు. పోనా, వద్దా?" అని అడిగినాడు. మేమేమి చెప్పవలెను? నాయనా, నన్ను అడుగవద్దు, వెంటనే పో అని చెప్పవలెను. మేము చెప్పినది వేరు. మిరియాలు, తులసి వేసి కషాయము త్రాగుమన్నాము. మృత్యుంజయ జపము చేయించెదమన్నాము. అంతటితో ఆగినను బాగుండెడిది. "ఆసుపత్రికి పోతే లేనివారికి కూడ అచ్చటనే అంటుకొనునట, రెండు దినములు చూడు" అన్నాము.

అంటుకొనునట. ఆ "అట" మేము ఎవరి నోట విన్నామో ఇప్పటికిని మాకు గుర్తులేదు. ఎవరో అన్నారు, మేము అన్నాము. అక్షరము తప్పితే సంథ మరల చెప్పించిన గురువుగారి శిష్యులము, ఆధారము లేని మాటను ఒక రోగి చెవిలో వేసినాము.

రెండు దినములు గడచినవి. మూడవనాటి ఉదయమున ఆయన కుమార్తె ఎవరి ఇంటినుండియో వేలికి పెట్టు యంత్రము తెచ్చి చూడగా ప్రాణవాయువు 86 ఉన్నది. 94కు తగ్గితే ఆసుపత్రికి పోవలెనని అందరికిని చెప్పుచున్న కాలమది. ఆటోలో ఎక్కించుకొని పోయినారు. మొదటి చోట పడక లేదన్నారు. రెండవ చోట సాయంకాలమునకు దొరికినది. పదునెనిమిది దినములు ఉండి ఆయన కన్నుమూసినాడు.

రెండు దినములు ముందు పోయి ఉంటే బ్రతికెడివాడా? ఒక డాక్టరును అడిగితిమి. చెప్పలేము స్వామీ అన్నాడు. ఆయన దయగలవాడు. ఆంక్షలు సడలిన తరువాత మేము ధర్మవరము పోయి ఆ ఇంటిలో కూర్చున్నాము. మగ్గము మీద సగము నేసిన చీర అట్లే ఉన్నది. ఆయన భార్య మమ్ము ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పినారు కదా అని ధైర్యముగా ఉంటిమి స్వామీ" అని మాత్రము అన్నది. అంతకంటె పెద్ద శాపము మేము వినలేదు.

ఆయన మా మాటను ఎందుకు నమ్మినాడు? మేము ఘనపాఠము చదివినామని. మా మెడలో రుద్రాక్షలు, నుదుట విభూతి ఉన్నవని. మాకు వేదములో ఆప్తత్వము ఉన్నచో ఉండవచ్చును. ఊపిరితిత్తుల విషయములో లేదు. ఒక విద్యలో లభించిన గౌరవమును మరొక విద్యలో ఖర్చుపెట్టుట పరుల సొమ్ము ఖర్చుపెట్టుట వంటిది. ఆ దినము నుండి ఎవరు రోగమని ఫోను చేసినను మేము జపము మాట తరువాత చెప్పెదము, ముందు ఆసుపత్రి మాట చెప్పెదము.

సోదరులారా! మరొక సంగతి. అబద్ధపు మాట ఎందుకు అంత తొందరగా ప్రాకును? అసలు మందు దూరముగా ఉండుట వలన. కొండ క్రింది పల్లెలో కూలి చేసుకొను తల్లికి ఆసుపత్రికి పోవుట అనిన ఒక దినము కూలి పోవుట, ఆటో బాడుగ ఇచ్చుట, తెలియని చోట వరుసలో నిలుచుట, ఎంత బిల్లు వేయుదురోనని గుండె పట్టుకొని కూర్చుండుట. సందేశమో, ఉచితముగా ఇంటికే వచ్చును. 2021 మేలో పడకల కొరకు మనవారు అనంతపురమునకు, బెంగళూరునకు పరుగెత్తిన సంగతి మరువరానిది. బత్తలపల్లిలో ఆర్.డి.టి. ఆసుపత్రి వంటివి ఆదుకొన్నవి కనుక ఎందరో నిలిచినారు. మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు ట్యాంకరు వచ్చుట ఆలస్యమై 11 మంది రోగులు మరణించినారు. స్వామి పాదముల చెంతనే జరిగిన ఘోరమది. ఆసుపత్రికి పోయిన తరువాత గాలి, మందు, పడక ఉండవలెనని అడుగుట మన హక్కు. పెద్దలైనవారి ధర్మము అని చరకుడు చెప్పినది ఇదియే.

కనుక వదంతి నమ్మినవారిని మందలించుట ఒక్కటియే చాలదు. వారికి అసలు మందును దగ్గర చేయవలెను. చికిత్సకు నాలుగు పాదములని శాస్త్రము: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వైద్యునికి శాస్త్రజ్ఞానము, అనుభవము, నేర్పు, శుచి ఉండవలెను. రోగికి భయము లేకుండుట, వైద్యుని మాట వినుట, తన బాధను దాచక చెప్పుట ఉండవలెను. పరిచారకునికి నేర్పు, శుచి, రోగియందు ప్రేమ ఉండవలెను. మొదటి రెండు పాదములు మన చేతిలో లేవు. మూడవ పాదము మనమందరము కావచ్చును. పొరుగింటివానికి జ్వరము వచ్చినప్పుడు సందేశము పంపుటకు బదులు బండి పంపుడు. తోడుగా ఒకరు పొండు. వరుసలో వారి బదులు నిలబడుడు. ఆ ఇంటి పిల్లలకు ఒక పూట అన్నము పెట్టుడు. అది నారాయణ సేవ.

ఇప్పుడు వర్షములు పడినప్పుడెల్ల డెంగీ జ్వరములు చూచుచున్నాము. మన ప్రాంతములో నీటికి కరువు. కుళాయి వచ్చిన దినమున డ్రమ్ములలో, తొట్లలో పట్టి ఉంచుకొనెదము. ఆ నిలువ నీటిలోనే ఈ దోమ పెరుగును. ఇది పగటిపూట కుట్టును. నీటికి మూత పెట్టుట, వారమునకొకసారి తొట్టి రుద్ది ఆరబెట్టుట ఏ పూజకును తీసిపోని పని. డాక్టర్లు చెప్పు మరొక ముఖ్యమైన సంగతి వినుడు. డెంగీలో జ్వరము తగ్గిన తరువాతనే కొందరికి అపాయము వచ్చును. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తము, మగతగా పడియుండుట కనిపించిన క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ఒళ్ళు నొప్పులకు అంగడిలో దొరికిన మాత్ర డాక్టరును అడుగక వేయరాదు. కొన్ని మాత్రలు రక్తస్రావమును హెచ్చించునట. ఈ "అట" మేము డాక్టరు నోట స్వయముగా విని చెప్పుచున్నది.

ఆకు రసములు, కషాయములు ఇంటిలో పెద్దలు ఇచ్చినవి ఉన్నవి. వాటిని ద్వేషింపము. డాక్టరుకు చెప్పి, ఆయన కాదనకున్న పుచ్చుకొనుడు. వాటి కొరకు ఆసుపత్రిని ఆలస్యము చేయుట మాత్రము కూడదు.

ఇక ఒక మాట మరొకరికి చేర్చుటకు ముందు ప్రతి భక్తుడు తన్ను తాను నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది, ఈ మాట మొదట చెప్పినవారెవరు? పేరు తెలియనిచో అచ్చటనే ఆపుడు. రెండవది, వారికి ఈ విద్యలో పరిశ్రమ ఉన్నదా? మూడవది, వారు చెప్పినది ఉన్నది ఉన్నట్లు నాకు చేరినదా, నడుమ స్వరము మారినదా? నాలుగవది అన్నిటికంటె పెద్దది: ఈ మాట నమ్మి ఎవరైనను ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేయుదురా? చేయుదురు అని తోచినచో, ఆ మాట ఎంత తీయనిదైనను, పైన ఏ దేవుని బొమ్మ ఉన్నను, మీ చేతిలోనే చావనిండు. పంపకపోయిన దోషమును మేము మోసెదము.

సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అగు మాటను పలుకుట వాక్కు చేయు తపస్సు అని భగవానుడు గీతలో చెప్పినాడు. చికిత్సలలో దైవమును ఆశ్రయించినది, యుక్తిని ఆశ్రయించినది, మనస్సును నిగ్రహించునది అని మూడు విధములు చరకుడు చెప్పినాడు. జపము చేయుడు. మందు పుచ్చుకొనుడు. భయమును అదుపులో పెట్టుకొనుడు. ఈ మూడింటిలో ఒకదానిని మరొకదానికి శత్రువుగా నిలబెట్టకుడు. జపము చేయువాడు ఆసుపత్రి పడక మీద చేసినను స్వామి వినును.

ధర్మకర్తలను ఒక్క కోరిక కోరినాము, వారు అంగీకరించినారు. ఈ దేవాలయ ద్వారము చెంత పలక మీద పంచాంగముతో పాటు 108 అంబులెన్సు నెంబరు, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి నెంబరు, రాత్రివేళ బండి తీయుటకు ఒప్పుకొన్న మన భక్తుల నెంబర్లు వ్రాసి ఉంచెదరు. తిథి, వారము, నక్షత్రము చూచుకొను కన్నులతోనే దానిని కూడ చూచి వ్రాసుకొనుడు.

ధర్మవరములో ఆ చీరను ఆయన కుమార్తె పూర్తిచేసినది. మరుసటి సంవత్సరము శ్రీరామనవమికి తీసుకొనివచ్చి స్వామికి సమర్పించినది. నడుమ నేత మారిన చోట ఒక గీత కనబడును. ఉత్సవములలో స్వామికి ఆ వస్త్రము కట్టినప్పుడెల్ల మా కన్ను ఆ గీత మీదనే నిలుచును. మీలో ఎవరింటను అట్టి గీత పడకుండుగాక అని ధన్వంతరి స్వామిని ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.